అద్దాల తలుపు దాకా

సలే, మొరాకో
ఫిబ్రవరి

లార్బీకి,

నీకు ఉత్తరం రాయాలన్న కోరిక నాలో ఎప్పుడో చచ్చిపోయింది. మీ అక్క కోసం రాస్తున్నాను.

లల్లా రుఖియాకి గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదట. నది దాటి రబాత్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ట్రాములో నిలబడలేకపోయింది. ఒక కుర్రపిల్ల లేచి చోటిస్తే, "కూర్చో తల్లీ, నేను దిగేదే," అని అబద్ధమాడి, నా చెయ్యి పట్టుకుని చివరిదాకా నిలబడే వచ్చింది. ఎవరి దయా పుచ్చుకోదు, నీకు తెలిసిందే. వేసవి ముదరకముందే ఆపరేషన్ చేయించమన్నాడు డాక్టరు. ఆమె వయసుకి బల్ల మీద నుంచి లేస్తుందన్న హామీ ఏమీ లేదని కూడా చెప్పాడు. ఆ మాట ఆయన నెమ్మదిగానే అన్నాడు. ఆ ముఖం చూసి ఆమె అర్థం చేసుకుంది.

ఇంటికొచ్చాక తన షరతు చెప్పింది: "లార్బీని చూడకుండా ఆ బల్ల ఎక్కను ఉస్తాద్. వాణ్ణి రమ్మను. వాడు వచ్చి ఎదురుగా కూర్చుని, ఒక గిన్నె హరీరా చారు తాగి, ఉప్పు తక్కువైందని సణగాలి. ఆ తర్వాత నన్నేం చేసుకుంటారో చేసుకోండి."

ఫోనులో ఆమెకి నీ గొంతు ఇప్పుడు ఈగ చప్పుడులా వినిపిస్తోంది. అందుకే ఈ కాగితాలు. నీ ఉత్తరాలు ఆమె చెవి దగ్గర కూర్చుని నేనే చదువుతున్నాను. సందు సందంతా వింటుంది. అది గుర్తుపెట్టుకుని రాయి.

నువ్వొచ్చి తొమ్మిదేళ్లయింది. ఎప్పుడొస్తున్నావో చెప్పు.

తిహామీ


మాంట్రియల్
ఫిబ్రవరి చివర

ప్రాణమిత్రుడు తిహామీకి, అక్కకి వేల సలాములు.

నీ ఉత్తరం చదివి అన్నం సయించలేదు. నువ్వు పక్కనున్నావన్నదే నా ధైర్యం. ఎదురింట్లో నీలాంటి మనిషి ఉండబట్టే నేను ఇంత దూరంలో నిద్రపోగలుగుతున్నాను.

రావడం గురించి. నీకు లోకంలోని పుస్తకాలన్నీ తెలుసు గానీ టికెట్ల సంగతి తెలియదు. పొద్దున చూసిన ధర టీ కాచుకుని వచ్చేసరికి ఉండదు. రెండేళ్ల కిందట ఇంటిల్లిపాదీ వచ్చిపోయే డబ్బుతో ఇప్పుడు ఒక్క మనిషి రావడం కష్టం. మా వాళ్లు పడే అవస్థలు చూస్తే నవ్వొస్తుంది. ఒకడు మంగళవారం చూస్తే చవకంటాడు. ఒకడు పక్కింటివాడి ఫోనులో చూడమంటాడు, మన ఫోనుకి మన ఆత్రం తెలిసిపోతుందట. ఒకడు లిస్బన్ చుట్టూ తిరిగి, రెండు విమానాశ్రయాల్లో నేల మీద పడుకుని వచ్చి, వీపు నొప్పికి మందులు కొనుక్కున్నాడు. నేనూ రోజూ చూస్తున్నాను. మా ఆవిడ ఆ ఫోనుని నా రెండో పెళ్లాం అంటోంది.

చివరికి ఇక్కడున్న మన సలే కుటుంబాలు కొన్ని కలిసి టికెట్ల చీటీ మొదలుపెట్టాం. అందరం నెలనెలా వేస్తాం, నెలకొకరు తీసుకుని ఊరెళ్తారు. నా వంతు సరిగ్గా రంజాన్ పండగ తర్వాత పడింది. ఎంత సంతోషించానో చెప్పలేను.

కానీ తిహామీ, మా పక్క భవనంలో సాదియా అని ఒక ఆడమనిషి ఉంది. మన రేవు దర్వాజా దగ్గరివాళ్లే. పండగ తర్వాత తప్ప తనకి సెలవు దొరకదని, తండ్రిని చూడాలని వచ్చి అడిగింది. చూస్తూ చూస్తూ కాదనలేకపోయాను. నా వంతు ఆమెకిచ్చాను. నా స్థానంలో ఉంటే నువ్వూ అదే చేసేవాడివి. ధరలు దిగితే వేసవిలో తప్పక వస్తాను.

ఒక పని మాత్రం మరిచిపోకు. రంజాన్ వస్తోంది. తెలిసీ తెలియక నేను చేసిన తప్పులన్నీ క్షమించమని అక్కని అడుగు. ఆమె నోటితోనే అనిపించు. ఏమన్నదో అన్నది అన్నట్టు నాకు రాయి. పండగలోపు అందేలా రాయి.

నీ లార్బీ


సలే
మార్చి

లార్బీకి,

అడిగాను. ఆమె కిటికీ దగ్గర కూర్చుని, మూలనున్న దిండు గలీబుకి నీలం దారంతో అంచు కుడుతోంది. కళ్లు ఆనడం లేదు, వేళ్లకి తెలుసు. నీ ఉత్తరం ఎలా చదవాలో అలా చదివాను. క్షమించమన్న మాట దగ్గర సూది ఆపింది.

"వాడికి ఉన్నట్టుండి ఇదేం బుద్ధి?" అంది.

"రంజాన్ కదా," అన్నాను.

"క్షమించాను. ఇహంలోనూ పరంలోనూ. వాడు నా పక్క తడిపిన రాత్రుల దగ్గర్నుంచీ అన్నీ క్షమించాను. రాసుకున్నావా ఉస్తాద్?"

రాసుకున్నాను. ఇదిగో, అన్నది అన్నట్టు పంపుతున్నాను.

ఇక నా మాట. నీ వంతు దానం చేశానని రాశావు. మంచిదే. దానం ఇచ్చేవాడు తనది ఇవ్వాలి. నువ్విచ్చింది మీ అక్క రోజులు. నేను కాజీల తీర్పుల పుస్తకాలు చాలా చదివాను. ఒకరి సొమ్ము ఇంకొకరికిచ్చి పుణ్యం తన పేర రాయించుకున్నవాడిని ఏమంటారో అందులో ఉంది.

నీకు గుర్తుందో లేదో, మా అమ్మ ఆనవాయితీ ప్రకారం గోపురంలా పోసిన పంచదార దిమ్మ పట్టుకుని మీ ఇంటికి పిల్లని అడగడానికి వచ్చిన సాయంత్రం నువ్వు మెట్ల మీద కూర్చుని ఉన్నావు. మీ అమ్మ సరేననేలా ఉంది. నువ్వే అన్నావు: "ఆ బడిపంతులు అక్కకి ఏం పెడతాడు, కాగితాలు వండి పెడతాడా?" నీ చదువుకి ఆమె కుట్టుపని కావాలి. అందుకు అడ్డుపడ్డావు. తర్వాత ఆమె పెళ్లికని దాచుకున్న బంగారు వడ్డాణం అమ్మి నీకు మొదటి విమానం టికెట్ కొన్నారు. నాకు ఆమె లేదు, ఆమెకి వడ్డాణం లేదు, నీకు మాంట్రియల్ ఉంది. నేను మళ్లీ ఎవరినీ అడగలేదు. ఎదురింట్లోనే ఉండిపోయాను. దాన్ని నీ నిద్రకి కాపలా అనుకున్నావు నువ్వు.

ఇన్నేళ్లూ ఈ మాట ఎత్తలేదు. ధరలు పెరిగాయని నువ్వు నాకు పాఠం చెబుతుంటే ఎత్తాల్సి వచ్చింది. మీ అక్క కూడా ఒక ధర కట్టింది లార్బీ.

నువ్వు వేసవికి వస్తావన్న నమ్మకంతో ఆమె డాక్టర్ని ఆపుతోంది. మెట్లు ఎక్కలేక, కింది గదిలోకి పరుపు మార్చుకుంది.

తిహామీ


మాంట్రియల్
ఏప్రిల్ చివర

సోదరుడు తిహామీకి,

పండగ శుభాకాంక్షలు. జవాబు ఆలస్యమైంది. ఒంట్లో నలతగా ఉండి, రంజాన్ చివరి రోజుల్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

పాత విషయాలు తవ్వావు. అప్పుడు చిన్నవాణ్ణి. నీతో వాదించను. అక్క మాట పంపినందుకు నీ మేలు మరవను. చదివాక గుండె మీద నుంచి రాయి దింపినట్టయింది. అది నీకు అర్థం కాదు.

వేసవి ధరలు ఇంకా పెరిగాయి. చమురంటారు, యుద్ధమంటారు, ఆకాశంలో దారులు మూసి చుట్టూ తిప్పుతున్నారంటారు. ఏదైనా మన జేబులోంచే. అయినా నేను ఆశ వదల్లేదు.

సాదియా వస్తోంది. అక్కకి ఒక మెత్తటి శాలువా, కొంచెం ఖర్జూరం పంపుతున్నాను. నీకు చలవ కళ్లద్దాలు. ఆమె హడావిడి మనిషి, పదిచోట్లకి తిరగాలి. ఎక్కువసేపు కూర్చోబెట్టకండి.

లార్బీ


సలే
మే

హాజ్ లార్బీ గారికి,

ఆ సంబోధన నాది కాదు, సాదియాది. నీ మూట తీసుకుని నిన్న సాయంత్రం వచ్చింది. మీ అక్క పుదీనా టీ పెట్టింది. నేనూ అక్కడే ఉన్నాను.

"హాజ్ లార్బీ మీ ఇద్దరికీ సలాం చెప్పమన్నాడు ఉస్తాద్," అంది.

"ఏ లార్బీ?"

"మన హాజ్ లార్బీయే. లల్లా తమ్ముడు."

"హాజ్ ఎప్పట్నించి అయ్యాడమ్మా?"

"రంజాన్‌లో ఉమ్రా యాత్రకి మక్కా వెళ్లొచ్చాడు కదా. మీకు చెప్పలేదా? చీటీలో నా వంతు ముందు పడింది, తన వంతు తర్వాత. నాకేమో రంజాన్‌లో సెలవు లేదు, తనేమో రంజాన్‌లోనే వెళ్లాలన్నాడు. మార్చుకున్నాం. ఇద్దరికీ కలిసొచ్చింది."

హజ్‌కే కాదు, ఉమ్రాకైనా సరే, మక్కా వెళ్లొచ్చినవాణ్ణి ఉత్త పేరు పెట్టి పిలవడం మనవాళ్లకి చేతకాదు. నువ్వు ఆమెకి ఏ అబద్ధం నేర్పినా, ఆ ఒక్క మాట మింగడం నేర్పలేవు. సలేలో పుట్టినవాడివి, ఇంత చిన్న సంగతి మరిచిపోయావు.

"ఏ దారిన వెళ్లాడు?" అన్నాను.

"కాసాబ్లాంకా మీదుగానే. ఆ టికెట్టే అన్నిటికంటే చవక. పొద్దున దిగితే రాత్రికి గానీ జిద్దా విమానం ఉండదు, అందుకే చవక. ఎవరూ కొనరు. మేమంతా అనుకున్నాం, హాజ్ భలే తెలివైనవాడు, ఒక్క టికెట్ మీద దేవుడి ఇల్లూ చూస్తాడు, అక్క ఇల్లూ..."

అక్కడ ఆగిపోయింది. నా ముఖం చూసింది, మీ అక్క ముఖం చూసింది. టీ గ్లాసు పళ్లెంలో పెట్టేసింది.

మీ అక్కకి ఇదేదీ వినబడలేదు. "ఏమంటోంది?" అని నన్నడిగింది.

"లార్బీ సలాం చెప్పాడంటోంది."

"అంత పొడుగు సలామా?" అని నవ్వి, నువ్వు పంపిన శాలువా భుజాన వేసుకుంది.

ఇప్పుడు నేను తిరిగి లెక్క చూసుకుంటే అన్నీ కుదురుతున్నాయి. నువ్వు దానం చెయ్యలేదు, బేరం చేశావు. నీకు నలత లేదు, జిద్దా వెళ్లావు. మన ఊళ్లో యాత్రకి వెళ్లేవాడు గడప గడపకీ వెళ్తాడు. తన వల్ల నొచ్చుకున్న మనిషి కళ్లలోకి చూసి, క్షమించమని అడిగి, అప్పుడు బయల్దేరతాడు. కూరగాయల బండి వాడైనా అంతే. నువ్వు మాత్రం గడప తొక్కకుండా క్షమాపణ కావాలనుకున్నావు. నా నోటితో అడిగించావు. దేనికో నాకు చెప్పలేదు, ఆమెకి చెప్పలేదు. పండగలోపు అందేలా రాయమన్నావు. నేను రంజాన్ కదా అని ఆమెకి నచ్చజెప్పాను. నా గొంతుతో ఆమెని మోసం చేశావు లార్బీ. ఒకసారి ఆమెని నాకు కాకుండా చేశావు, రెండోసారి నన్ను ఆమెకి మాయగాణ్ణి చేశావు.

ఓ పగలంతా కాసాబ్లాంకాలో కూర్చున్నావు. రైలెక్కితే పూట ప్రయాణం కూడా కాదు. ఆ పగలంతా ఏం చేశావు? జపమాల తిప్పావా?

ఆమెకి ఇంకా చెప్పలేదు. చెప్పకుండా ఉంటే రేపు నువ్వొస్తావని ఇంకా ఆగుతుంది. చెబితే ఏమవుతుందో తెలియదు. ఆ నిర్ణయం కూడా నా నెత్తినే పెట్టావు.

తిహామీ


మాంట్రియల్
మే చివర

తిహామీ,

అవును, అన్నీ నిజమే.

ఒకటి మాత్రం నువ్వు అనుకున్నట్టు కాదు. నేను కుర్చీలో కూర్చోలేదు. పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని బయటికొచ్చాను. వాటంతటవే తెరుచుకునే అద్దాల తలుపులుంటాయే, అక్కడిదాకా వచ్చాను. అవతల జనం. ఎవరో తల్లి పాలగిన్నె, ఖర్జూరం పళ్లెం పట్టుకుని కొడుకు కోసం నిలబడి ఉంది. నేను అడుగు ముందుకేస్తే తలుపులు తెరుచుకుంటున్నాయి, వెనక్కి వేస్తే మూసుకుంటున్నాయి. కాసేపటికి కాపలావాడు వచ్చి, నా చేతిలో మక్కా టికెట్ చూసి, "హాజ్, లోపలా బయటా? ఏదో ఒకటి తేల్చుకో, చల్లగాలి అంతా పోతోంది," అన్నాడు.

నా దగ్గర నడుముకి కట్టుకున్న సంచీ తప్ప ఏమీ లేదు. ఆ చవక టికెట్ మీద పెట్టె కూడా తేనివ్వరు. తొమ్మిదేళ్ల తర్వాత సందులోకి చేతులూపుకుంటూ ఎలా రాను? ప్రతి గుమ్మంలోంచీ ఒక తల బయటికొస్తుంది. అక్క ఏమీ అనదు. సందు అంటుంది. పైగా ఒక పూటకే వచ్చానని ఆమెకి ఎలా చెప్పను? నా చొక్కా చెయ్యి పట్టుకుని వదలకపోతే ఏం చేసేవాణ్ణి? వెనక్కి తిరిగాను. మళ్లీ లోపలికెళ్లి, రాత్రి దాకా గోడవైపు తిరిగి కూర్చున్నాను.

మక్కాలో అందరూ ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. ఎందుకో దేవుడికి తెలుసు.

ఆమెకి చెప్పకు. బతిమాలుకుంటున్నాను. నేను టికెట్ కొన్నాను. ఈసారి చీటీ లేదు, వంతు లేదు, నా సొంతంగా కొన్నాను. ఈ వారానికైతే ఒక పాత కారు కొనుక్కునేంత అడుగుతున్నారు. వేసవంతా అదే ధర. సెప్టెంబర్ చివరికి సగానికి దిగింది, అందుకని అప్పటికి తీసుకున్నాను. రద్దు చేసినా డబ్బు తిరిగి రాని టికెట్. ఇంతకంటే రుజువు ఏం కావాలి నీకు? డాక్టర్ని అప్పటిదాకా ఆపమని చెప్పు. నీ మాట వింటాడు.

లార్బీ


సలే
జూన్

లార్బీ,

నీ ఉత్తరాలు మొదటిసారి నువ్వు రాసింది రాసినట్టు చదివాను. అన్నీ, వరసగా, సెప్టెంబర్ టికెట్ మాట దాకా. గట్టిగా చదివాను. సందు విన్నదేమో, విననీ.

చెప్పొద్దన్నావు. నిన్ను కాపాడటానికి ఇక నా దగ్గర గొంతు లేదు.

ఆమె ఏడవలేదు. ఒకటే అడిగింది.

"తలుపులు తెరుచుకున్నాయా?"

"తెరుచుకున్నాయట."

"ఎన్నిసార్లు?"

"రాయలేదు."

శాలువా తీసి, మడతలు సరిచేసి, పక్కన పెట్టింది. తర్వాత, ఇంకా తండ్రి దగ్గరే ఉన్న సాదియాని పిలిపించమంది. సాదియా వచ్చాక నన్ను బయటికి వెళ్లమంది. ముప్ఫై ఏళ్లకి పైగా ఆ ఇంటి ఉత్తరాలు చదివినవాణ్ణి, రాసినవాణ్ణి. నా ముఖం మీద తలుపేసి, నిన్నకాక మొన్న వచ్చిన పిల్ల చేత రాయించుకుంది. నీ వల్ల నాకు దక్కిన మర్యాద ఇది.

ఆమె ఉత్తరం అంటించి ఇచ్చింది. విప్పకుండా దీనితోపాటే పంపుతున్నాను.

తిహామీ


సలే
జూన్

తమ్ముడు లార్బీకి,

అక్క రుఖియా సాదియా చేత రాయిస్తోంది. ఉస్తాద్‌ని రానివ్వలేదు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ చదివేటప్పుడు కలుపుతాడు. రాసేటప్పుడూ కలుపుతాడేమోనని భయం.

నన్ను నువ్వు "నా కళ్ల వెలుగూ" అని పిలుస్తావా? మాటలొచ్చినప్పట్నించీ నన్ను "ఏయ్" అన్నవాడివి. ఉస్తాద్ చదివిన నీ ప్రతి ఉత్తరంలోనూ ఆ మాట వినపడేది. ఎవరిదో నాకు తెలుసు. తెలిసే విన్నాను. రెండోసారి చదవమనేదాన్ని కూడా. ఆయనకి ఈ సంగతి చెప్పకు, సిగ్గుపడతాడు.

వడ్డాణం అమ్మినప్పుడు నీకు ఒక వైపు టికెట్టే కొన్నాం. అంతకే వచ్చింది. తిరుగు టికెట్ సంగతి నువ్వు చూసుకుంటావనుకున్నాను.

క్షమించాను అని నేనన్నది ఛార్జీలు లేక రాలేకపోయిన తమ్ముణ్ణి. వాడికిచ్చింది వాడికే, వెనక్కి తీసుకోను. తలుపు తెరుచుకున్నాక వెనక్కి వెళ్లినవాడు వేరే మనిషి. వాడు నన్ను ఇంకా అడగలేదు. వాడు వచ్చి అడగాలి.

సెప్టెంబర్ దాకా ఆపమన్నావు. నేను ఆగను. ఆగడం నాకు బాగా వచ్చు, అదే నా తప్పయింది. గురువారం బల్ల ఎక్కుతున్నాను.

నేను లేస్తే, పగలంతా తలుపు తీసే ఉంటుంది. చేతులూపుకుంటూ రా. ఒక్క సబ్బుబిళ్ల తెచ్చినా లోపలికి రానివ్వను. సందు సంగతి నాకొదిలెయ్యి, ఆ సందుతో నేను వేగినంత నువ్వు వేగలేదు.

నేను లేవకపోతే, నీకివ్వాల్సింది ఉస్తాద్ దగ్గర పెట్టి వెళ్తాను. ఇస్తాడో ఇవ్వడో ఆయన ఇష్టం. మనిద్దరం కలిసి ఆయనకి చేసింది తక్కువేం కాదు.

ఇక్కడ సాదియా ఏడుస్తోంది. అక్షరాలు చెదిరితే నా తప్పు కాదు.

అక్క


సలే
జూన్ చివర

లార్బీకి,

గురువారం ఎక్కింది. లేవలేదు.

కబురు ఫోనులో నీకు ముందే అంది ఉంటుంది. ఈ ఉత్తరం కబురు కోసం కాదు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక, సముద్రం వైపు శ్మశానంలో పెట్టాం. సందంతా వచ్చింది. పాడె మొయ్యడానికి మీ ఇంటి మగవాడు లేడు కాబట్టి ముందువైపు భుజం నాకిచ్చారు. ఏ హోదాలో అని ఎవరూ అడగలేదు. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. నువ్వు పంపిన శాలువా సాదియాకి ఇచ్చేశాను.

గురువారం ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లే ముందు మీ అక్క నన్ను దగ్గరికి పిలిచింది. తనకి వినపడదు కాబట్టి ఎవరికీ వినపడదనుకుని, నా చెవిలో గట్టిగా చెప్పింది. బండి నెట్టే నర్సు కూడా విన్నది. పేరు పెట్టి పిలిచింది. ఉస్తాద్ అనలేదు. అందులో నాకు చెందిన మాటలు కొన్ని, అవి నీకు చెప్పను. నీకు చెందినది ఒకటి. దాన్ని నాకు అప్పగించింది.

ఇవ్వాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. క్షమించడం గురించి నేను చదివినవన్నీ మళ్లీ తీసి చూశాను. అన్నీ బాగానే రాశారు. ఒక్కడూ ఎదురింట్లో ఉన్నట్టు లేడు.

చావుకి వెళ్తున్నామంటే విమానం వాళ్లు ఇంకా ఎక్కువ గుంజుతారని సాదియా చెప్పింది. నువ్వు కంగారుపడి టికెట్ మార్చుకోకు. అనవసరంగా జరిమానా కడతావు. సెప్టెంబర్ చివరికే రా. ఇక తొందరేమీ లేదు. ధర కూడా సగమే.

మీ ఇంటి తాళం నా దగ్గరుంది. మీ అక్క చెప్పినట్టు పగలు తలుపు తీసి పెడుతున్నాను. అద్దాల తలుపు కాదది, కొయ్య తలుపు. దానంతటది మూసుకోదు.

ఆమె నా దగ్గర పెట్టింది భద్రంగానే ఉంది. దాన్ని మాత్రం పోస్టులో పంపను.

తిహామీ